హ్యాండ్‌బ్రేకు వేసిన అనాగరికుడు

సెవియా నగరం, త్రియానా పేట, అల్బార్దేరో వీధి వాస్తవ్యుల తరఫున యావన్మందికీ తెలియజేయడమేమనగా: మా వీధిలో ఒకరి బండికి అడ్డంగా మరొకరు బండి పెట్టడం నేరం కాదు. అలా అడ్డంగా పెట్టిన బండికి హ్యాండ్‌బ్రేకు వెయ్యడం నేరం.

చట్టం ఇంకోలా చెబుతుందని మాకు తెలుసు. చట్టం మాద్రిదులో పుట్టింది, దానికి మా వీధి వెడల్పు తెలియదు. ఇక్కడ గోడ వారగా ఒక వరుస బండ్లు ఉంటాయి. వాటికి అడ్డంగా రెండో వరుస ఉంటుంది. రెండో వరుస వాళ్ళు గేరు తీసేసి, బ్రేకు వదిలేసి, ఇంటికెళ్ళి నిశ్చింతగా నిద్రపోతారు. లోపలి బండివాడు బయటికి రావాలంటే అడ్డమున్న బండిని భుజంతో కాస్త ముందుకో వెనక్కో తోసుకుని తన దారిన తాను పోతాడు. తోసిన బండి ఇంకొకరికి అడ్డం వస్తుంది. దాన్ని వాళ్ళు తోసుకుంటారు. పొద్దున్నే లేచి చూస్తే మన బండి మనం పెట్టినచోట ఉండదు, చర్చి దాకా నడిచి వెతుక్కోవాలి. ఒకరి బండిని మరొకరు ముట్టుకోకూడని దేశాలు కూడా ఉన్నాయట. పాపం, అక్కడి మనుషుల మధ్య నమ్మకం లేదు కాబోలు.

ఇంటి తలుపుకి మూడు తాళాలు వేసుకోండి, మేం ఏమీ అనుకోం. బండికి బ్రేకు వేస్తే మాత్రం ఇరుగుపొరుగుని అవమానించినట్టే లెక్క.

మా వీధి సంఘానికి అధ్యక్షులు దోన్ యులోహియో. వీధి మొదట్లో, ఒకప్పుడు కోళ్ళు అమ్మిన కొట్టులో, ఆయన విదేశీ యాత్రికులకు కార్లు అద్దెకిస్తారు. కోళ్ళ వాసన ఇంకా పూర్తిగా పోలేదు గాని వ్యాపారం మాత్రం ఆధునిక పద్ధతిలో సాగుతుంది. యాత్రికుడు తన దేశంలో కూర్చుని ఫోనులో చిన్న ఎర్ర కారు బొమ్మ చూసి డబ్బు కడతాడు. బొమ్మ కింద చీమ తలకాయంత అక్షరాలతో 'లేదా ఇలాంటిదే' అని ఉంటుంది. ఇక్కడికొచ్చాక తెల్ల కారు ఇస్తారు. దోన్ యులోహియో సమదర్శి. నాలుగు చక్రాలున్నవన్నీ ఆయన దృష్టిలో ఇలాంటివే. ఆ ఎర్ర కారును ఇంతవరకూ మాలో ఎవరూ చూడలేదు.

యాత్రికుడు కొట్లోకి సెలవుల ఉత్సాహంతో వస్తాడు. మా నగరంలో కారుకి జరగగల కీడులన్నీ దోన్ యులోహియో అతనికి చేతులతో, కనుబొమలతో, తనకొచ్చిన పాతిక ఇంగ్లీషు మాటలతో వివరిస్తారు. దొంగలు, వడగళ్ళు, చెట్ల మీంచి రాలే నారింజకాయలు, భయపడిన గుర్రపు బగ్గీలు, ఆనందం పట్టలేని పెళ్ళివారు. అంతా విన్నవాడు ఉన్న బీమాలన్నీ తీసుకుని, సగం ప్రాణంతో బయటికొస్తాడు. అప్పుడు తాళాలు ఇస్తారు. కారుకి రెండు తాళాలుంటాయి కదా, ఆ రెంటినీ ఇనప తీగతో కలిపి బిగించి ఇస్తారు. విడివిడిగా ఉంటే ఒకటి పోవచ్చు. ఇలా అయితే పోయినప్పుడు రెండూ ఒకేసారి పోతాయి, గందరగోళం ఉండదు.

జూన్ నెలలో ఒక శుక్రవారం సాయంత్రం ఫిన్లాండు నుంచి తాపియో అనే యాత్రికుడు వచ్చాడు. పొడుగాటి మనిషి, మేజోళ్ళ మీద చెప్పులు తొడిగాడు. స్పానిషు ఒక్క ముక్క రాదు. చిన్న ఎర్ర కారు అడిగాడు. ఆ రోజు దోన్ యులోహియో గారి చిన్న తెల్ల కార్లన్నీ మొదటి వరుసలో చిక్కుకుని బయటికి రాలేని స్థితిలో ఉన్నందువల్ల, ఆయన ఉచితంగా పెద్ద తెల్ల కారు ప్రసాదించారు. అది సరికొత్త కారు, చదువుకున్న కారు. ఇంజిను ఆపగానే తన బ్రేకు తనే వేసుకుంటుంది. తాళం జేబులో ఉన్న మనిషి దగ్గరికొస్తే దీపాలు వెలిగించి, ముడుచుకున్న పక్కటద్దాల్ని చెవుల్లా విప్పుతుంది.

ఎక్కడ పెట్టుకోవాలని తాపియో చేతులతో అడిగాడు. అందరూ పెట్టినట్టే పెట్టమని దోన్ యులోహియో చేతులతో చెప్పారు. ఫిన్లాండు వాళ్ళు చెప్పిన మాట వింటారు. వీధిని అటూ ఇటూ శ్రద్ధగా పరిశీలించి, చెత్తడబ్బా పక్కన, రెండో వరుసలో, ఒక చిన్న నీలం కారుకి అడ్డంగా బండి పెట్టి, తన బసకి వెళ్ళి పడుకున్నాడు. అంత తిన్నగా అడ్డం పెట్టినవాళ్ళు మా వీధి చరిత్రలో లేరు.

ఆ నీలం కారు రేమేది.

రేమే అంటే మూడో అంతస్తు ఎంకార్నా గారి కూతురు. ప్రభుత్వ బడిలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం కోసం ఎనిమిదేళ్ళుగా పరీక్షకి చదువుతోంది. ఆ పరీక్ష రెండేళ్ళకోసారి వస్తుంది. ఆ రోజు తొమ్మిదింటికి పేరు పిలుస్తారు. ఒక్కసారే పిలుస్తారు. పలకనివాళ్ళు మళ్ళీ రెండేళ్ళు చదువుకోవచ్చు. ఈసారి ఆమెకి వెల్వాలో కేంద్రం వేశారు. పక్క జిల్లా, గంటకు పైగా ప్రయాణం. ఆమెకి నికాసియో అని ఒక కాబోయే భర్త ఉన్నాడు. ఉద్యోగం వచ్చాక పెళ్ళి అని మాట. ఆమె చదువుతోంది, అతను ఎదురుచూస్తున్నాడు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ అలసిపోయారన్న విషయంలో వీధిలో భిన్నాభిప్రాయాలున్నాయి.

శనివారం పొద్దున్నే రేమే సంచీ తగిలించుకుని దిగింది. వెనకాలే ఎంకార్నా గారు మడతకుర్చీ పట్టుకుని దిగారు. కూతురు బండి తీయగానే ఆ ఖాళీలో కుర్చీ వేసుకుని, కూతురు తిరిగొచ్చేదాకా కూర్చోవాలని ఆవిడ ఏర్పాటు. రేమే తెల్ల కారుకి భుజం ఆనించి తోసింది. మళ్ళీ తోసింది.

"అమ్మా, ఇది కదలట్లేదే."

"గట్టిగా తొయ్యవే. పొద్దున్న తినమంటే తిన్నావా?"

"బ్రేకేసుందమ్మా."

ఎంకార్నా గారు కుర్చీ కింద పెట్టి సిలువ గుర్తు వేసుకున్నారు. ఆ మాట కిటికీ నుంచి కిటికీకి పాకింది. బ్రేకేశాడట, బ్రేకేసి పోయాడట. అంతస్తులన్నీ దిగొచ్చాయి. నికాసియో బనీనుతోనే పరుగెత్తుకొచ్చి కారు వెనక్కి ఒంగి చూశాడు.

"బ్రేకేసి అడ్డం పెట్టాడంటే వీణ్ణి కన్నది మనిషా, గేరుపెట్టా?" అన్నాడు.

టాక్సీకి ఫోను చేశారు. టాక్సీలన్నీ విమానాశ్రయంలో యాత్రికుల కోసం వరుసలో ఉన్నాయట. మొదటి బస్సు అప్పటికే వెళ్ళిపోయింది, తర్వాతది ఎక్కితే తొమ్మిదింటికి చేరదు. ఈలోగా దోన్ యులోహియో వచ్చి, అరుగెక్కి, గొంతు సవరించుకున్నారు.

"ప్రియమైన ఇరుగుపొరుగు వారలారా! మన తాతలు మనకిచ్చిన ఆస్తి ఏమిటి? ఈ ఇళ్ళా? అవి అద్దెవి. ఈ బండ్లా? అవి అప్పువి. మన ఆస్తి పరస్పర విశ్వాసం! ఈ వీధిలో నా బండి నీది, నీ భుజం నాది! అలాంటి చోటికి వచ్చి, బ్రేకు వేసి పోయిన ఈ అనాగరికుడెవడో గాని, వాడికి బండి ఇచ్చినవాడిని అనాలి ముందు!" అని ఆవేశంగా చెయ్యి చాపి, కారు వెనక నంబరు చూసి, ఒక్క క్షణం ఆగారు. "అయినా బండి ఇచ్చినవాడి తప్పేముంది, అతను వ్యాపారి" అని ముగించారు.

"మీదే కదూ దోన్ యులోహియో?" అంది రేమే.

"సాంకేతికంగా నాదే నా ప్రాణమా. నైతికంగా మాత్రం అద్దెకు తీసుకున్నవాడిది."

మా ఊళ్ళో పాలవాణ్ణయినా పన్ను వసూలు చేసేవాణ్ణయినా 'నా ప్రాణమా' అనే పిలుస్తాం. దానికి పెద్ద అర్థం లేదు.

"రెండో తాళం ఉంటుందిగా?"

"ఉంది. మొదటి తాళానికే కట్టి ఉంది."

"ఎందుకు కట్టారు?"

"పోకుండా."

అద్దెకు తీసుకున్నవాడి నంబరుకి ఫోను చేశారు. అది మోగి మోగి ఆగిపోయింది. సెలవుల్లో ఉన్నాను కదా అని తాపియో ఫోను బసలో వదిలేసి, మూలనున్న కాఫీ కొట్లో టమాటా గుజ్జు రాసిన రొట్టె తింటున్నాడు. ఆ సంగతి అప్పటికి మాకు తెలియదు. మాలో ఎవరూ ఆయన్ని అడగలేదు. ఎందుకడుగుతాం, ఆయన విదేశీయుడు.

ఇక మిగిలింది భుజబలం. మా వీధి మగవాళ్ళు సామాన్యులు కారు. ఈస్టరుకి ముందొచ్చే పవిత్ర వారంలో దేవమాత విగ్రహం ఉన్న పెద్ద పల్లకిని మెడల మీద మోసే జట్టు వాళ్ళది. లోపల చీకట్లో ఉండి మోస్తారు. బయట నిలబడి ఆజ్ఞలిచ్చే నాయకుడు మా నికాసియో. అతను అందర్నీ కారు చుట్టూ ఎత్తుల వారీగా నిలబెట్టాడు. మెడల మీద తువ్వాళ్ళు వేయించి, కారు అడుగు అంచుకి మెడలు ఆనేలా మోకాళ్ళ మీద కూర్చోబెట్టాడు. బానెట్టు మీద పిడికిలితో మూడుసార్లు కొట్టాడు.

"అందరూ సమంగా, నా కన్నలారా. తొందరొద్దు. అమ్మని ఆకాశానికెత్తండి!"

కారు లేచింది. నాలుగు చక్రాలూ జానెడెత్తు గాల్లోకి లేచాయి. ఒక చుక్క తొణకలేదు. పైన కాసేపు నిలిపి, కుడికీ ఎడమకీ సన్నగా ఊపి, గుడ్డు దించినంత నెమ్మదిగా దించారు. వీధంతా చప్పట్లు. ముసలమ్మలు కళ్ళొత్తుకున్నారు. దోన్ యులోహియో నికాసియోని కౌగిలించుకుని, ఇలాంటి ఎత్తుడు తన తండ్రి కాలంలో చూశానన్నారు. కారు సరిగ్గా ఎక్కడ నుంచి లేచిందో అక్కడే దిగింది.

"పక్కకి దించాల్సింది కదా" అంది రేమే.

నికాసియో నొచ్చుకున్నాడు. "పక్కకా? పల్లకి ఎప్పుడైనా పక్కకి దిగుతుందా రేమే? ముందుకెళ్తుంది, లేకపోతే ఉన్నచోట దిగుతుంది."

"అయితే ముందుకి తీసుకెళ్ళండి."

"ముందు చెత్తడబ్బా ఉందిగా."

చెత్తడబ్బాకి చక్రాలున్నాయి. ఆ సంగతి వాళ్ళు చర్చిస్తూ ఉండగా కాఫీ కొట్లోంచి తాపియో వచ్చాడు. మిగతావాళ్ళు మళ్ళీ తోస్తుంటే తనూ వచ్చి వెనక నిలబడి తోయడం మొదలుపెట్టాడు. దోన్ యులోహియో దృష్టిలో యాత్రికులు కూడా అందరూ ఇలాంటివాళ్ళే, అందుకని గుర్తుపట్టలేదు. ఆయన రాగానే కారు దీపాలు వెలిగాయి, పక్కటద్దాలు విచ్చుకున్నాయి.

ఎంకార్నా గారు సరిగ్గా అప్పుడే ఇంట్లోంచి పునీత అంతోని బొమ్మని ఏప్రనులో పెట్టుకుని మళ్ళీ కిందికి దిగారు. దీపాలు చూసి అక్కడికక్కడే మోకాళ్ళ మీద పడ్డారు. ఆవిడ వెనక మరో పదిమంది పడ్డారు. తాపియో చెమట తుడుచుకోడానికి నీడలోకి వెళ్తే దీపాలు ఆరిపోయాయి. ఎంకార్నా గారు ప్రార్థన వేగం పెంచారు. తాపియో తిరిగొచ్చాడు, దీపాలు మళ్ళీ వెలిగాయి. పునీతుడు ఎవరి గొంతుకి పలుకుతున్నాడన్న విషయంలో ఎంకార్నా గారికీ ఎదురింటావిడకీ అక్కడే మాటామాటా వచ్చింది. పునీతుడు దీపాలు వెలిగించగలడు, అద్దాలు విప్పగలడు. బ్రేకు మాత్రం ఆయన చేతుల్లో లేనట్టుంది.

రేమే గోడకి ఆనుకుని నిలబడిపోయింది. సంచీలోంచి కాగితాలు తీసి చదువుకోబోయి, మళ్ళీ లోపల పెట్టేసింది. ఏడవలేదు. ఏడ్చే టైము కూడా దాటిపోయిందన్నట్టుంది ఆ ముఖం. చూడలేక నేను తల పక్కకి తిప్పుకున్నాను. ఆ మాట నిజంగానే చెబుతున్నాను, వెటకారం కాదు.

తాపియో ఆమె దగ్గరికొచ్చి ఇంగ్లీషులో అడిగాడు. "ఇవాళ ఏ దేవుడి పండగండీ?"

ఎనిమిదేళ్ళుగా చదివిన ఇంగ్లీషు మొదటిసారి పనికొచ్చింది. "పండగ కాదండీ. ఎవడో బుద్ధిలేనివాడు బ్రేకేసి పోయాడు. వెనక నీలం కారు నాది. తొమ్మిదింటికి నాకు వెల్వాలో పరీక్ష."

తాపియో కాసేపు ఆలోచించాడు. ఫిన్లాండులో ఆలోచిస్తూ మాట్లాడరట, ఆలోచించడం అయ్యాక మాట్లాడతారట.

"మీ కారు బయటికి రావాలా, మీరు వెల్వా వెళ్ళాలా?"

రేమే ఆయన వంక చూసింది. తర్వాత వీధి వంక తిరిగి, ఆయన అన్నదానికి తనదీ కొంచెం కలిపి అందరికీ వినబడేలా మా భాషలో చెప్పింది. "రెండో వరుసలో ఇన్ని బండ్లున్నాయి, అన్నీ కదిలేవే, ఏదో ఒకదాన్లో వెళ్ళొచ్చు కదా అంటున్నారు ఈయన."

అందరూ ఎవరి బండి వంక వాళ్ళు చూసుకున్నారు. నాలుగో అంతస్తు పంజరంలో కానరీ పిట్ట కూడా వినబడింది.

ఈ విదేశీయులకి తెలియని విషయం ఒకటుంది. మా వీధిలో బండి తీస్తే చోటు పోతుంది. ఒకసారి పోయిన చోటు జనమంతా సముద్రానికి పోయే ఆగస్టు దాకా దొరకదు. దోన్ యులోహియో గారి బాబాయి కాదిస్‌లో పోతే, ఆయన తన బండికి దణ్ణం పెట్టుకుని బస్సులో అంత్యక్రియలకి వెళ్ళారు. ఎంకార్నా గారి చెల్లెలు నొప్పులొస్తే సొంత కారుకి ఆనుకుని నిలబడి టాక్సీ కోసం ఎదురుచూసింది. టాక్సీలోనే పుట్టిన ఆ పిల్లకి పేరు కూడా అక్కడే పెట్టారు. ఇక్కడ బండి తిరగడానికి కొనరు, ఉండటానికి కొంటారు.

అందరూ తమ తమ కారణాలు చెప్పుకున్నారు. ఒకరి బండికి బ్యాటరీ బలహీనం. ఒకరికి కళ్ళజోడు ఇంట్లో ఉంది. దోన్ యులోహియో తన బండ్లు వ్యాపార వస్తువులని, వాటిలో ఇరుగుపొరుగుని ఎక్కించుకుంటే మిగతా ఖాతాదారులకి అన్యాయం చేసినట్టవుతుందని ఉపన్యసించారు. నేను కూడా ఏదో చెప్పాను, గుర్తులేదు.

రేమే ఎవర్నీ ఏమీ అడగలేదు. మూల మీద జకరండా చెట్టు కింద రెండో వరుసలో మొట్టమొదటి బండి, ముందు దారి ఖాళీగా ఉన్న బండి, నికాసియోది. ఆమె దాని వంక చూసింది.

"నువ్వే చెప్పు రేమే" అన్నాడు నికాసియో. "గురువారం నుంచీ నీడలో ఉంది. ఇప్పుడు తీస్తే మళ్ళీ దొరుకుతుందా?"

"తియ్యమని నేనన్లేదు."

"అన్లేదు. కానీ అలా చూస్తున్నావు."

"చూడకూడదా?"

"చూడు. కానీ ఇందాక ఎత్తించింది ఎవరు? బానెట్టు కొట్టిన పిడికిలి ఇంకా లాగుతోంది. నీకోసం చెయ్యందేముంది చెప్పు."

తాపియోకి మాటలు అర్థం కాలేదు గాని విషయం అర్థమైనట్టుంది. "నా దగ్గర ఒక కారుందండీ" అన్నాడు నెమ్మదిగా. "ఎక్కడుందో మాత్రం తెలియట్లేదు. ఎర్రది అడిగితే తెల్లది ఇచ్చారు. ఇక్కడన్నీ తెల్లవే. పొద్దున లేచి చూస్తే రాత్రి ఉన్న బండ్లన్నీ జరిగిపోయున్నాయి, నాదీ ఎటో జరిగిపోయి ఉంటుందనుకున్నాను. ముందు మీ పని చూసి తర్వాత వెతుక్కుందామనుకున్నాను."

జేబులోంచి తీగతో కట్టిన రెండు తాళాలు తీశాడు. తీగ చూడగానే దోన్ యులోహియో చూపు ఆకాశం వైపు తిప్పుకున్నారు. తాపియో మీట నొక్కాడు. ఒక పల్లకి జట్టు, ఒక పునీతుడు, ఒక అధ్యక్షుడు కదల్చలేని కారు కుయ్యిమంది.

"మరి ఇందాకటినుంచీ దీపాలు వెలుగుతుంటే తెలియలేదా?" అంది రేమే.

"ఈ దేశంలో కార్లు కూడా పలకరిస్తాయేమో అనుకున్నాను."

ఆయన్ని తిట్టడానికి ఎవరికీ నోరు రాలేదు. అందరికంటే నిజాయితీగా తోసింది ఆయనే. పైగా అప్పటికే చాలామంది కళ్ళు ఆయన మీద లేవు, ఆయన ఖాళీ చెయ్యబోయే చోటు మీద ఉన్నాయి. ఎంకార్నా గారు కూతురి చెయ్యి పట్టుకుని చెవిలో అన్నారు. "ఎలాగూ ఆయన బండి తీస్తున్నాడుగా తల్లీ. ఆయనతోనే పో. మన బండి ఎందుకు తియ్యడం, చోటు పోతుంది."

రేమే తల్లి వంక ఒకసారి చూసి, వెళ్ళి తాపియో పక్కన కూర్చుంది. కారు మలుపు తిరగకముందే ఆ ఖాళీలోకి మరో బండి వచ్చింది. హ్యాండ్‌బ్రేకు వేయలేదు.

తాపియో దారంతా పలకల మీద రాసిన వేగానికి ఒక్క పిసరు మించకుండా నడిపాడట. రేమే తనకి తెలిసిన పునీతులందరినీ తలుచుకుందట. ఆమె పేరు పిలుస్తుండగా తలుపు దగ్గర పలికింది. పాసైంది. అరసేనా కొండల్లో ఒక బడికి వేశారు. తాపియో కారు తిరిగి అప్పజెప్పిన రోజు, అడుగు అంచులో పాతిక మెడల సొట్టలు కనిపించడంతో, ఏ బీమా కిందికీ రాని అతిభక్తి వల్ల కలిగిన నష్టంగా దాన్ని దోన్ యులోహియో ఆయన మీదే వేశారు. ఆయన కాసేపు ఆలోచించి సంతకం పెట్టాడు.

సంఘం అత్యవసరంగా సమావేశమై, రేమే విజయం అల్బార్దేరో వీధి ఐకమత్యానికి దక్కిన విజయమని ఏకగ్రీవంగా తీర్మానించింది. అద్దె కార్లలో తమంతట తాము బ్రేకు వేసుకునే అమానవీయ ధోరణిని ఖండించింది. నికాసియో కొత్త చొక్కా వేసుకుని, పెళ్ళి తారీఖు అడగడానికి మూడో అంతస్తు ఎక్కాడు. రేమే తలుపు దగ్గరే నిలబడి మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"వద్దులే నికాసియో. నువ్వు నీడలోనే ఉండు."

సెప్టెంబరులో ఆమె తన నీలం కారు తీసుకుపోవడానికి వచ్చింది. ఇక తిరిగి రాదని అందరికీ తెలుసు. వీడ్కోలు చెప్పడానికి వీధంతా కదిలొచ్చింది. అంతమందిని అంత పొద్దున్నే ఒకచోట నేను పవిత్ర వారంలో కూడా చూడలేదు. అందరూ వచ్చారు, అందరూ ఏడ్చారు, అందరూ ఎవరి బండిలో వాళ్ళు కూర్చుని, ఇంజిన్లు ఆన్ చేసుకునే ఏడ్చారు. రేమే అద్దం దించి ఒక్కొక్కరి ముఖమూ చూసింది. తర్వాత అద్దం ఎత్తేసి, మెల్లగా బయటికి తీసింది.

చోటు నాకు దొరికింది. మొదటి వరుస, గోడ పక్క, మధ్యాహ్నం దాకా ఎండ రాదు. అప్పటినుంచీ నేను హాయిగా బస్సుల్లో తిరుగుతున్నాను. మీలో ఎవరికైనా ఎప్పుడైనా ఆపద వస్తే మొహమాటపడకుండా కబురు పెట్టండి. ఏ వేళైనా సరే, వచ్చి తోస్తాను.